మధ్యగది ఎవరి వైపు

కరెంటు బిల్లు భోజనాల బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని నెత్తిన ఉప్పు డబ్బా పెట్టారు. నిన్న సాయంత్రం మొదలైన గొడవ ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి పడుకోవడంతో ఆగింది తప్ప తేలలేదు. పొద్దున కాఫీ గ్లాసులతో పాటు అదీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఇల్లంతా ఒక్క మీటరు మీద ఉన్నన్నాళ్ళూ ఇది ఇంతే వదినా," అన్నాడు మరిది. "మన వాడకానిది కాదు తప్పు. స్లాబు రేట్లది."

రంగుల కొట్టులో పని అతనిది. ఏ డబ్బాలో ఏ రంగు ఎంత కలపాలో చీటీ చూసి కలిపి కలిపి, ఇంటి విషయాలు కూడా కొలిచి పోసినట్టే మాట్లాడతాడు. కోపం వచ్చినా అంతే, కొలిచే వస్తుంది.

పెద్దకోడలు తల ఊపింది. ఆమె ఒళ్ళో కూలికి కుడుతున్న స్కూలు చొక్కా సగంలో ఉంది. కాలరు ఎటు తిప్పాలో చేతికి తెలుసు కాబట్టి పని నడుస్తోంది గానీ, ఆమె బుర్ర అక్కడ లేదు. ఇంకెక్కడా లేదు కూడా. ఎండాకాలం చివర్లో భర్త పోయాడు. ఇప్పుడు బయట వాన పడుతోంది. ఈ మధ్యలో జరిగినవేవీ ఆమెకు తన మీదుగా జరిగినట్టు లేవు. పెడితే తింటోంది, అడిగితే చెబుతోంది. ఏడుపు మాత్రం రావడం లేదు. అందుకు కొంచెం సిగ్గుగా ఉంది.

"మళ్ళీ చెప్పు," అంది అత్తగారు కొడుకుతో.

"నిన్న చెప్పానుగా అమ్మా."

"నిన్న అరుస్తూ చెప్పావు. అరుపు అర్థమైంది, లెక్క అర్థం కాలేదు."

మరిది ఉప్పు డబ్బా జరిపి బిల్లు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది పోయిన నెల మీటరు తిరిగిన అంకె. ఇది ఈ నెలది. తీసేస్తే వచ్చేవి మనం కాల్చిన యూనిట్లు. ఇందులో మొదటి కొన్ని చవక. అవి దాటితే రేటు పెరుగుతుంది. ఇంకా దాటితే ఇంకా పెరుగుతుంది. మెట్లెక్కినట్టు. మనం నలుగురం కలిసి పై మెట్టెక్కి కూర్చున్నాం. అదే రెండు మీటర్లయితే, ఇద్దరిద్దరం కింది మెట్ల మీదే సర్దుకుంటాం. కరెంటు అంతే కాలుతుంది, బిల్లు మాత్రం తగ్గుతుంది."

"మరి ఈ గడిలో ఉన్నదేంటి?"

"అది మీటరు ఉన్నందుకు కట్టేది. లైటు వేసినా వెయ్యకపోయినా కట్టాలి. రెండు మీటర్లయితే అది రెండుసార్లు పడుతుంది. అయినా మనకే లాభం, లెక్క వేశాను."

"ఇంకో పద్ధతి ఉందన్నారుగా," అంది చిన్నకోడలు. ఆమె సింకు దగ్గర లంచ్ బాక్సులు కడుగుతోంది, ఇటు తిరగలేదు.

"ఉంది. గంటని బట్టి రేటు. సాయంత్రం అందరూ దీపాలు వేసే వేళ ప్రియం, తెల్లవారుజామున చవక. గీజరూ, బట్టల మిషనూ ఆ టైముకి వేసుకోవాలి."

"అంటే ఇక నేను స్నానం చెయ్యాలన్నా కరెంటాఫీసు వాళ్ళని అడిగి చెయ్యాలన్నమాట," అంది అత్తగారు.

ఎవరూ నవ్వలేదు. ఈ ఇంట్లో ఎప్పుడూ ముందుగా నవ్వింది పోయిన పెద్దకొడుకే. డ్రైవింగు నేర్పే మనిషి కావడంతో అతనిది బయటి ట్రాఫిక్కును మించిన గొంతు. అతను అందుకుంటే మిగతావాళ్ళకి నవ్వు దానంతటదే వచ్చేది. ఇప్పుడు జోకులు మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు గానీ అందుకునే మనిషి లేడు.

"ఆ పద్ధతి మనకి కుదరదులే," అన్నాడు మరిది. "గంటల లెక్క ఎవరికి లాభమంటే, పగలో రాత్రో ఏదో ఒక పూట ఆపుకోగలిగిన వాళ్ళకి. మనింట్లో ఇరవై నాలుగ్గంటలూ..."

అక్కడ ఆగిపోయాడు. నోటిదాకా వచ్చిన మాటని కాఫీతో పాటు మింగేశాడు.

ఆ మాట ఏమిటో అక్కడున్న నలుగురికీ తెలుసు. నిన్న ఫ్రిజ్జు మీద నేరం మోపారు, గీజరు మీద మోపారు, పెద్దకోడలి ఇస్త్రీపెట్టె మీద మోపారు, ఆఖరికి వాకిట్లో బల్బుని కూడా వదల్లేదు. బల్లకి నాలుగడుగుల దూరంలో మధ్యగది తలుపు ఉంది. దాని కింద సందులోంచి చల్లటి గాలి వచ్చి అందరి పాదాలకీ తగులుతోంది. లోపల ఖాళీ మంచానికి ఏసీ తిరుగుతోంది. జబ్బుమనిషికి గది చల్లగా ఉంచమని డాక్టరు చెప్పినప్పుడు మొదలైంది. మనిషి పోయాక కూడా ఆగలేదు. ఆ తలుపు వంక మాత్రం ఒక్కరూ వేలెత్తి చూపలేదు.

అత్తగారే వేసి ఉంచుతోందని పెద్దకోడలి నమ్మకం. రోజూ పొద్దున ఆవిడ ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడడం ఆమె చూసింది. అందుకే అడగలేదు. అడగనందుకు తనకీ లాభమే. భర్త పోయాక అత్తగారి గదిలో పడుకుంటున్నా, గోడ అవతల ఆ సన్నటి మోత వినబడితేనే ఆమెకు కన్ను మూతపడుతోంది. ఆ మోత పూర్తిగా ఆగిపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

"ఇస్త్రీపెట్టె తగ్గిస్తాను," అంది.

"నిన్ను అనడం లేదు వదినా. మీటరు అన్నయ్య పేరు మీద ఉంది కాబట్టి నువ్వు సరే అంటే చాలు. కానీ రెండో మీటరు ఇవ్వాలంటే వాళ్ళకో రూలుంది." మరిది తల్లి వంక చూడకుండా చెప్పాడు. "వంటిల్లు వేరుగా ఉండాలట."

కుళాయి కట్టేసిన చప్పుడు వినబడింది.

"ఉత్తుత్తిదే అత్తయ్యా," అంది చిన్నకోడలు చేతులు తుడుచుకుంటూ. "వెనక వసారాలో ఒక స్టవ్వు పెట్టి చూపిస్తే చాలట. ఇవాళ కరెంటాఫీసు నుంచి వచ్చే ఆయన చూసి వెళ్ళాక తీసేద్దాం."

"పెట్టడం మీ చేతిలో పనే. తీయడం ఎవరి చేతిలో పనో," అంది అత్తగారు.

"ముందుగదీ, నీ గదీ, వంటిల్లూ వదిన వైపు మీటరు మీద," మరిది విననట్టే సాగించాడు. "మా గదీ, వసారా, అటు బాత్రూమూ మాకు."

"మరి మధ్యగది?" అని అడిగింది చిన్నకోడలు.

ఇంతసేపూ ఎవరూ దాటని గీత దాటేసింది. మరిది బిల్లుని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టి ఉప్పు డబ్బా కింద పెట్టాడు. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి ఇటు భోజనాల వైపు, ఒకటి అటు వాళ్ళ గది వైపు. ఏ వైపు చేర్చినా చేరుతుంది.

"అదీ సంగతి," అంది అత్తగారు లేస్తూ. "ఆ గది బిల్లు మా నెత్తిన పడేసి మీరు కింది మెట్టు మీద హాయిగా కూర్చోవడానికా ఈ తిప్పలన్నీ? నేరుగా అడిగితే పోయేదానికి ఇంత లెక్కలెందుకు?"

చిన్నకోడలు కళ్ళద్దాల షాపులో కౌంటరు దగ్గర కూర్చునే పిల్ల. వచ్చిన ప్రతివాడికీ ముక్కు మీద ఏ ఫ్రేము నప్పదో మొహం మీదే చెప్పేస్తుంది. ఇవాళ మాత్రం షాపుకి ఫోను చేసి సెలవు పెట్టి, వసారా కడగడానికి వెళ్ళిపోయింది.

*

స్టవ్వు పక్కింటివాళ్ళు వాడకుండా అటక మీద పడేసినది. తోడికోడళ్ళిద్దరూ చెరో పక్కా పట్టుకుని వసారాలో గట్టు మీద పెట్టారు.

"గిన్నెలు కూడా కావాలక్కా. ఉత్త స్టవ్వు చూస్తే నమ్మడు."

"కొత్తవి ఇవ్వనా?"

"వద్దు. అడుగు మాడినవి ఇవ్వు. కొత్తవి పెడితే ఇట్టే కనిపెడతాడు."

పెద్దకోడలు మాడిన గిన్నె ఇచ్చింది. పిడి ఊడిన మూకుడు ఇచ్చింది. పోపుల డబ్బా, నూనె సీసా సగం సగం పంచి తెచ్చింది. ఎందుకు పంచుతోందో తెలిసే పంచింది గానీ, తెలియడం ఒకచోట, చేతులు ఒకచోట ఉన్నట్టుంది. గట్టు మీద అన్నీ పేర్చాక ఆ మూల నిజంగానే ఎన్నాళ్ళనుంచో కాపురం చేస్తున్న వంటిల్లులా కనిపించింది.

"ఉప్పు," అంది చిన్నకోడలు.

ఇంట్లో ఉప్పు డబ్బా ఒకటే. పెద్దకోడలు వెళ్ళి బిల్లు మీది నుంచి దాన్ని తీసుకొచ్చింది. బిల్లు ఎగిరి బల్ల కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు.

మొన్నటి వేసవిలో ఇదే వసారాలో నిలబడి చిన్నకోడలు ఎవరితోనో ఫోనులో అంది, "పగలూ రాత్రీ ఏసీయే. రేపు ఈ బిల్లు ఎవరు కడతారో." మామూలు గొంతుతోనే అంది. మధ్యగది కిటికీ వసారాలోకే ఉంది, దాని రెక్క సరిగా మూసుకోదు. ఆ సాయంత్రం పెద్దకొడుకు భార్యని పిలిచి, "చలేస్తోంది, ఆపెయ్," అన్నాడు. అతని నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది. ఆమె ఆపేసింది. అతను నిద్రపోయాక మళ్ళీ వేసింది. మర్నాడూ అదే మాట అన్నాడు, ఆమె అదే చేసింది. ఆ తర్వాత అతను ఎంతో కాలం బతకలేదు.

తనూ విన్న ఆ ఫోను మాట పెద్దకోడలు ఎవరితోనూ అనలేదు. తోడికోడల్ని నిలదీయాలని అప్పుడు అనుకుంది. ఇప్పుడు ఆ పిల్ల ఎదురుగా మాడిన గిన్నె సర్దుతోంటే వెతుక్కుంది గానీ, కోపం ఎక్కడా దొరకలేదు. అలమార తెరిస్తే ఖాళీగా కనబడినట్టుంది.

"ఇది తర్వాత నిజంగా తీసేస్తావా?" అని మాత్రం అడిగింది.

చిన్నకోడలు స్టవ్వు చెవి ఒకసారి తిప్పి చూసి, "ముందు ఆయన్ని రానీ అక్కా," అంది.

మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదు. అందరికీ తెలిసింది. వసారా దాకా వెళ్ళి తేవడానికి నలుగురిలో ఒక్కరూ లేవలేదు. చప్పటి కూర చప్పగానే తిని కంచాలు ఎత్తారు.

*

కరెంటాఫీసు నుంచి వచ్చినాయన పొట్టిగా, తీరిగ్గా ఉన్నాడు. గొడుగు గుమ్మంలో ఆనించి, ఇంటి బొమ్మ కాగితం మీద గీసుకుంటూ ఒక్కో గదీ తిరిగాడు. ముందుగదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. షాపు కింద రాసి షాపు రేటు వేస్తాడేమోనని మరిది కప్పించాడు. దుప్పటి కింద నుంచి మిషను కాలు బయటికే కనబడుతోంది. ఆయన దాన్ని చూశాడు, పెద్దకోడలి చేతిలో సూదినీ చూశాడు, ఏమీ రాయలేదు.

వసారాలో గిన్నె మూత తీసి చూశాడు.

"ఇవాళ ఏం వండారమ్మా?"

"ఉపవాసమండి," అంది చిన్నకోడలు తడుముకోకుండా.

ఆయన మరిది బొజ్జ వంక ఒకసారి చూసి, వంటిల్లు ఉన్నట్టు రాసుకున్నాడు. తర్వాత మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళి, "వైర్లు చూడాలి, మెయిన్ ఆపుతున్నా," అని కేకేశాడు.

ఇల్లు ఒక్కసారిగా ఆగింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. ఫ్రిజ్జు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది. గోడ అవతల ఆ సన్నటి మోత కూడా ఆగిపోయింది.

పెద్దకోడలు అత్తగారి మంచం చివర కూర్చుని ఉంది. వాన ఇంత దగ్గరగా పడుతోందని ఆమెకు ఇన్నాళ్ళకి వినబడింది.

"ఆగిపోయింది," అంది అత్తగారు.

"కరెంటు రాగానే మీరు మళ్ళీ వేద్దురుగాని అత్తయ్యా."

"నేనేం వేస్తాను?"

"ఏసీ."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. "దాని రిమోటు ఎక్కడుంటుందో కూడా నాకు తెలీదే. నువ్వు కదా వేసేది. నీ బాధ నీదని, ఒక్క మాట అనకుండా ఊరుకున్నాను."

"నేను వెయ్యడం లేదు."

"మరి ఆపలేదేం?"

"మీరు ఉంచుకున్నారనుకున్నాను."

ఒకరి కోసం ఒకరు నోరు కట్టేసుకుని, ఒకే బిల్లుని నెలనెలా ఎవరి తలగడ కింద వాళ్ళు దాచుకున్నట్టయింది ఆ ఇద్దరి పని. అత్తగారికి నవ్వు వచ్చినట్టే వచ్చి మూతి దగ్గరే వంకర పోయింది.

"చిన్నోడు వేస్తున్నాడేమో," అంది ఆవిడ.

పెద్దకోడలు ఆలోచించింది. ఈ వానల్లో కరెంటు అప్పుడప్పుడూ పోతోంది, వస్తోంది. ఆ ఏసీ పాతది. కరెంటు పోయి వస్తే దానంతటది మొదలవ్వదు. అతను మంచాన ఉన్నప్పుడు కరెంటు వచ్చిన ప్రతిసారీ రిమోటు వెతికి నొక్కింది తనే. అంటే ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు ప్రతిసారీ లోపలికి వెళ్ళి నొక్కుతున్నారు.

కరెంటు వచ్చింది. ఫ్యాను కదిలింది. ఫ్రిజ్జు ఉలిక్కిపడి లేచింది. మధ్యగది మాత్రం నిశ్శబ్దంగా ఉంది.

మీటరు పెట్టె దగ్గర మరిది గొంతు వినబడుతోంది. వైరు మందం గురించి ఆ పెద్దమనిషితో వాదిస్తున్నాడు. అత్తగారు పక్కనే ఉంది. ఇక ఈ ఇంట్లో మిగిలింది ఒక్క మనిషే.

అటు వైపు తలుపు కిర్రుమంది. చిన్నగా బీప్ మని వినబడింది. మోత మొదలైంది.

అత్తగారు కోడలి మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

*

"అన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడు కరెంటాఫీసాయన భోజనాల బల్ల మీద బొమ్మ పరిచి. మధ్యలో ఒక గడి ఖాళీగా వదిలేశాడు. "ఈ మధ్యగది ఎవరి వైపు?"

"మా వైపే," అంది అత్తగారు. "అది మావాడి గది."

"మా వైపు రాయండి," అంది చిన్నకోడలు.

ఆమె అటు తలుపు లోంచి కాక ఇటు తలుపు తీసుకుని, మధ్యగదిలోంచే బయటికి వచ్చి నిలబడింది. ఆమెతో పాటు చలి కూడా భోజనాల బల్ల దాకా వచ్చింది. రిమోటు చేతిలోనే ఉంది. దాచుకోవాలని ఆమెకు తోచినట్టు లేదు.

మరిది కంగారుగా నవ్వాడు. "ఆ గది మనకొస్తే మనమే పై స్లాబులోకి పోతాం. పొద్దుటి నుంచి నేను చెప్పిందంతా గోడకి చెప్పానా?"

"విన్నాను."

"వచ్చాక ఆపేస్తే సరేలే," అన్నాడు అతను గొంతు తగ్గించి.

"ఆపను."

"ఎవరి కోసం?"

ఆమె వెనక్కి తిరిగి ఖాళీ మంచం వంక చూసింది.

"త్వరగా తేల్చండి," అన్నాడు కరెంటాఫీసాయన. "మీటరు పోయినాయన పేరు మీద ఉంది. కాబట్టి ఆవిడ చెప్పాలి. ఎటు రాయమంటారమ్మా?"

అందరూ పెద్దకోడలి వైపు తిరిగారు. ఇటు అని ఒక్క మాట చాలు. ఆ గది, ఆ మోత, ఆ మంచం ఆమెవి అవుతాయి. అటు అంటే తోడికోడలివి. పొద్దున అయితే ఎవరు ముందు అడిగితే వాళ్ళకి సరే అనేసేది. ఇప్పుడు అనలేకపోతోంది. కాళ్ళ దగ్గర చలిగా ఉంది, చెవుల్లో మాత్రం వేడిగా ఉంది. అది ఏమిటో పోల్చుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది. కోపం. ఎన్నాళ్ళకో వచ్చింది, దారి తప్పకుండా సరిగ్గా ఆ పిల్ల దగ్గరికే వచ్చింది.

"ఆ రోజు ఆయనకి చలెయ్యలేదు," అంది.

కరెంటాఫీసాయనకి అర్థం కాలేదు. మరిదికీ, అత్తగారికీ అర్థం కాలేదు.

"తెలుసక్కా," అంది చిన్నకోడలు. "ఆపెయ్యమన్నప్పుడు నేను కిటికీ అవతలే ఉన్నాను. విన్నాను."

"వినీ ఊరుకున్నావా?"

"లోపలికి వచ్చి ఏసీ వెయ్యమని చెబుదామనుకున్నాను. తలుపు దాకా వచ్చాను కూడా." ఆమె రిమోటు వంక చూసుకుంది. "రేపు చెబుదాంలే అనుకున్నాను."

బల్ల కింద పడిన బిల్లు మీద మరిది కాలు వేసి నిలబడ్డాడు. అత్తగారు కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

పెద్దకోడలు లేచి వెళ్ళి తోడికోడలి ముందు చెయ్యి చాచింది.

"ఇలా ఇయ్యి."

"ఆపేస్తావా అక్కా?"

"ఇయ్యి ముందు."

కరెంటాఫీసాయన పెన్ను ఖాళీ గడి మీద ఆనించి చూస్తున్నాడు. చిన్నకోడలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. రిమోటు ఇవ్వలేదు.